వరిలో సిలికాన్: తెగుళ్ల నిరోధకత, వేరు పరిసర సూక్ష్మజీవులు

ఉపోద్ఘాతం

భూమి పై పొరలో ఆక్సిజన్ తరువాత అత్యధికంగా ఉన్న మూలకం సిలికాన్. బరువు రీత్యా దీని వాటా సుమారు 28 శాతం. ఇసుక, బంకమన్ను, రాళ్లు అన్నింటిలోనూ ప్రధానాంశంగా ఉన్న ఈ మూలకం పైరుకు లోపించగలదంటే మొదట నమ్మశక్యంగా ఉండదు. 1939లో ఆర్నన్, స్టౌట్ అనే శాస్త్రవేత్తలు ప్రతిపాదించిన ప్రమాణాల ప్రకారం, ఏ మూలకం లేనిదే మొక్క తన జీవితచక్రాన్ని పూర్తి చేయలేదో అదే ఆవశ్యక పోషకం. సిలికాన్ లేకపోయినా అధిక శాతం మొక్కలు పుష్పించి ఫలిస్తాయి. కనుక అది ఆవశ్యక పోషకాల జాబితాలో చేరలేదు. ఫలితంగా మన భూసార పరీక్షా పత్రాలలో దానికి చోటు లేదు, ఎరువుల సిఫారసులలో దాని ప్రస్తావన అరుదు.

ఈ వైఖరిని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన ఎమాన్యుయెల్ ఎప్‌స్టీన్ 1994లో ప్రశ్నించారు. నేలలో పెరిగే ప్రతి మొక్క వేళ్లూ సిలికాన్ ఉన్న ద్రావణంలోనే జీవిస్తాయి. సిలికాన్ లేని పోషక ద్రావణంలో పెంచిన మొక్కే అసహజమైనదని ఆయన వాదించారు. మొక్కల పొడి బరువులో సిలికాన్ 0.1 శాతం నుండి 10 శాతం వరకు ఉంటుంది. ఇంత విస్తృతమైన వ్యత్యాసం మరే ఖనిజ మూలకంలోనూ కనిపించదు. ఈ శ్రేణిలో పై అంచున ఉన్న పైరు వరి.

తెలుగు రాష్ట్రాలకు ఈ విషయం కేవలం విద్యా సంబంధమైనది కాదు. బాపట్లలో రూపొంది 1986లో విడుదలైన సాంబ మహసూరి (బి.పి.టి. 5204) వంటి సన్నగింజ రకాలు వినియోగదారుల మన్నన పొందినా అగ్గితెగులును తట్టుకోలేవు. వాటిని పండించే రైతు శిలీంధ్రనాశినులపై ఆధారపడక తప్పటం లేదు. మరోవైపు యూరోపియన్ యూనియన్ 2017లో బియ్యంలో ట్రైసైక్లజోల్ అవశేషాల పరిమితిని కిలోకు 1 మి.గ్రా. నుండి 0.01 మి.గ్రా.కు తగ్గించింది. ఈ పరిస్థితులలో సిలికాన్ పేరిట పలు ఉత్పత్తులు విపణిలోకి వస్తున్నాయి. అవి మొక్కను బలపరుస్తాయనీ, నేలలోని మేలుచేసే సూక్ష్మజీవులను పెంచుతాయనీ ప్రచారం జరుగుతున్నది. ఈ రెండు వాదనలలో శాస్త్రీయంగా నిలిచేది ఎంత, ఇంకా నిరూపణ కావలసినది ఎంత అన్నది విస్తరణ శాస్త్రవేత్తలకు, విద్యార్థులకు స్పష్టంగా తెలియాలి. ఆ వివరణే ఈ వ్యాస లక్ష్యం.

నేలలో సిలికాన్: సమృద్ధి వేరు, లభ్యత వేరు

నేలలో ఉన్న సిలికాన్‌లో అత్యధిక భాగం క్వార్ట్‌జ్, ఫెల్డ్‌స్పార్, బంకమన్ను ఖనిజాలలో బందీగా ఉంటుంది. మొక్క గ్రహించగలిగేది నీటిలో కరిగిన మోనోసిలిసిక్ ఆమ్లాన్ని మాత్రమే. ఉదజని సూచిక 9 కన్నా తక్కువ ఉన్న నేలలలో ఈ ఆమ్లానికి విద్యుదావేశం ఉండదు. నేల ద్రావణంలో దీని గాఢత సాధారణంగా లీటరుకు 0.1 నుండి 0.6 మిల్లీమోల్ వరకు ఉంటుంది.

ఖనిజ రూపాన్ని బట్టి కరిగే గుణం ఎంతగా మారుతుందో గమనించాలి. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద క్వార్ట్‌జ్ ఇసుక లీటరు నీటిలో 6 నుండి 11 మి.గ్రా. సిలికాను మాత్రమే విడుదల చేస్తుంది. స్ఫటిక నిర్మాణం లేని సిలికా 100 నుండి 120 మి.గ్రా. వరకు కరుగుతుంది. వరి ఆకులలో, గడ్డిలో, ఊకలో నిక్షిప్తమయ్యే సిలికా ఈ రెండవ కోవకు చెందినది. అందువలన ఒక ఇసుక నేలలో మొత్తం సిలికాన్ ఎక్కువగా ఉండి కూడా పైరుకు లోపం కలగవచ్చు. పొలంలో మిగిలిన కొద్దిపాటి గడ్డి అంతకన్నా మెరుగైన వనరు కావచ్చు. తేలికపాటి ఇసుక నేలలు, బాగా శిథిలమైన ఎర్ర నేలలు, సేంద్రియ పదార్థమే ప్రధానమైన పీట్ నేలలు లోపానికి ఎక్కువగా గురవుతాయి. బంకమన్ను అధికంగా ఉన్న నల్లరేగడి నేలలలో లోపం సాధారణంగా తక్కువ.

వరి వేరు సిలికాన్‌ను గ్రహించే విధానం

వరి సిలికాన్‌ను నీటితో పాటు నిష్క్రియంగా పీల్చుకోదు. ప్రత్యేకమైన వాహక ప్రోటీన్ల ద్వారా గ్రహిస్తుంది. జపాన్‌లోని ఒకయామా విశ్వవిద్యాలయానికి చెందిన జియాన్ ఫెంగ్ మా బృందం వీటిలో మొదటిదైన ఎల్.ఎస్.ఐ.1 ను 2006లో, రెండవదైన ఎల్.ఎస్.ఐ.2 ను 2007లో గుర్తించింది. వేరు బాహ్య, అంతర కవచ కణాలలో వెలుపలి వైపున మొదటి ప్రోటీన్, లోపలి వైపున రెండవ ప్రోటీన్ అమరి ఉంటాయి. మొదటిది సిలిసిక్ ఆమ్లాన్ని కణంలోనికి రానిస్తుంది, రెండవది కణం నుండి లోపలికి, దారువు వైపుకు పంపుతుంది. ఈ జంట ఏర్పాటు వలననే వరి కాండంలో, ఆకులలో సిలికాన్ ఇంత అధికంగా చేరుతుంది. టమాట వంటి పైర్లు తక్కువ మోతాదులోనే గ్రహిస్తాయి. దోస జాతి పైర్లు ఈ రెండింటికీ మధ్యస్థంగా ఉంటాయి.

ఎల్.ఎస్.ఐ.1 ద్వారం గుండానే ఆర్సెనైట్ కూడా వరిలోనికి ప్రవేశిస్తుందని 2008లో వెల్లడైంది. ఆర్సెనిక్ కలుషిత ప్రాంతాలలో సిలికాన్ యాజమాన్యంపై ఆసక్తి పెరగటానికి ఇది ఒక కారణం. ఈ ప్రోటీన్ లోపించిన వరి ఉత్పరివర్తకాలు పరిశోధకులకు విలువైన సాధనాలు. వాటి ఉపయోగాన్ని తరువాత చర్చిద్దాం.

తెగుళ్ల నిరోధకత: రెండు వివరణలు

సిలికాన్‌కు, అగ్గితెగులుకు గల సంబంధం కొత్తగా కనుగొన్నది కాదు. జపాన్ రసాయన శాస్త్రవేత్త ఒనొదెరా 1917లోనే తెగులు సోకిన వరి మొక్కలలో ఆరోగ్యవంతమైన మొక్కల కన్నా సిలికాన్ తక్కువగా ఉన్నట్లు నివేదించారు. 1955లో జపాన్ కాల్షియం సిలికేట్ లోహమలాన్ని అధికారికంగా ఎరువుగా గుర్తించింది. ఆ దేశంలో ‘అకియోచి’ అని పిలిచే క్షీణించిన మాగాణి నేలలలో పైరు చివరి దశలో ఒక్కసారిగా నీరసించి, గోధుమరంగు మచ్చ తెగులుకు లోనవుతుంది. ఆ నేలలలో ఇనుము, పొటాష్‌తో పాటు లభ్య సిలికాన్ కూడా తక్కువే. అమెరికాలోని ఫ్లోరిడాలో ఎవర్‌గ్లేడ్స్ సేంద్రియ నేలలలో డాట్నాఫ్, ఆయన సహచరులు చేసిన ప్రయోగాలలో కాల్షియం సిలికేట్ వేసినప్పుడు అగ్గితెగులు, గోధుమరంగు మచ్చ తెగులు రెండూ గణనీయంగా తగ్గాయి. ఫలితం ఇలా నిలిచింది. దానికి కారణమేమిటన్న చర్చ మాత్రం ఇంకా ముగియలేదు.

మొదటి వివరణ భౌతిక అవరోధం. గ్రహించిన సిలిసిక్ ఆమ్లం నీటి ఆవిరి ప్రవాహంతో ఆకు చివరలకు చేరి, నీరు ఆవిరైన కొద్దీ చిక్కబడి ఘన సిలికాగా మారుతుంది. వరి ఆకుపై 0.1 మైక్రాన్ మందమున్న మైనపు పొర క్రింద సుమారు 2.5 మైక్రాన్ల సిలికా పొర ఏర్పడుతుందని యోషిదా 1960వ దశకంలో చూపారు. అగ్గితెగులు శిలీంధ్రమైన మాగ్నపోర్తే ఒరైజే మొలకెత్తి, ఆకుపై ఒక అంటుబుడిపెను ఏర్పరచి, దానిలో 8 మెగాపాస్కల్ వరకు పీడనాన్ని పెంచి, సూదివంటి తంతువును ఆకులోనికి దించుతుంది. ఇది వాహనం చక్రంలోని గాలి పీడనానికి అనేక రెట్లు. దీని దారిలో సిలికా పొర అడ్డు నిలవటం సహజంగానే నిరోధకతకు దోహదం చేస్తుంది. సిలికాన్ బాగా అందిన మొక్కలో ఆకులు నిటారుగా నిలిచి, దుబ్బులోనికి వెలుతురు చొరబడి, ఆకులపై తేమ త్వరగా ఆరిపోవటం కూడా శిలీంధ్రానికి ప్రతికూలమే.

అయితే భౌతిక అవరోధంతోనే అన్నీ వివరించలేము. కెనడాలో బెలాంజే, మెంజీస్ బృందాలు దోసపై చేసిన ప్రయోగాలలో సిలికాన్ అందిన మొక్కలు బూడిద తెగులు దాడికి గురైనప్పుడు ఫైటోఅలెక్సిన్ల వంటి రక్షక రసాయనాలను వేగంగా కూడబెట్టాయి. వరిలో కూడా అగ్గితెగులు సోకిన తరువాత మోమిలాక్టోన్లు అనే రక్షక పదార్థాలు సిలికాన్ అందిన ఆకులలో అధికంగా ఉన్నట్లు రోడ్రిగ్స్, సహచరులు 2004లో నివేదించారు. పెరాక్సిడేజ్, కైటినేజ్, ఫినైల్ అలనిన్ అమ్మోనియా లయేజ్ వంటి ఎంజైముల చురుకుదనం పెరిగినట్లు పలు పైర్లలో గమనించారు. గోధుమరంగు మచ్చ శిలీంధ్రం వరిలోని ఇథిలిన్ సంకేత మార్గాన్ని తన ప్రయోజనానికి మలచుకుంటుందనీ, సిలికాన్ దానిని అడ్డుకుంటుందనీ బెల్జియం పరిశోధకులు 2015లో చూపారు.

ఇక్కడ ఒక సూక్ష్మ విషయం ఉన్నది. అరబిడాప్సిస్ మొక్కపై 2006లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, తెగులు లేనప్పుడు సిలికాన్ ఇచ్చిన మొక్కలలో జన్యు వ్యక్తీకరణ దాదాపు మారలేదు. బూడిద తెగులు సోకినప్పుడు వేల సంఖ్యలో జన్యువుల ప్రవర్తన మారింది. సిలికాన్ ఉన్న మొక్కలలో ఆ కలవరం తగ్గింది. అనగా సిలికాన్ స్వయంగా రక్షణ యంత్రాంగాన్ని నిరంతరం నడిపించదు. దాడి జరిగినప్పుడు మొక్క త్వరగా, సరిగా స్పందించే వీలు కల్పిస్తుంది. సిలికాన్ మొక్క కణంలో ఏ ఎంజైముతోనూ నేరుగా బంధం ఏర్పరచుకున్న ఆధారం లేనందున, కణాల వెలుపలి ఖాళీలలో నిక్షిప్తమైన సిలికా శిలీంధ్రం విడుదల చేసే హానికర ప్రోటీన్ల కదలికను అడ్డుకుంటున్నదన్న ప్రతిపాదన 2019లో ముందుకు వచ్చింది. ఈ ప్రతిపాదన భౌతిక, జీవరసాయన వివరణలను ఒక తాటిపైకి తేగలదు. శిలీంధ్రం సంకేతాలు చెదిరితే మొక్క ప్రతిస్పందన నిరాటంకంగా సాగుతుంది. అదే మనకు ‘పెరిగిన రక్షణ’గా కనిపిస్తుంది.

నేల సూక్ష్మజీవులపై ప్రభావం

డయాటమ్‌ల వంటి కొన్ని జీవులు మినహా నేలలోని బాక్టీరియా, శిలీంధ్రాలకు సిలికాన్ పోషకంగా అవసరం లేదు. కనుక సిలికాన్ వేసిన నేలలో సూక్ష్మజీవుల సంఖ్య లేదా కూర్పు మారితే, ఆ మార్పు ఏదో ఒక పరోక్ష మార్గంలో వచ్చి ఉండాలి. అటువంటి మార్గాలు ప్రధానంగా ఐదు.

మొదటిది ఉదజని సూచిక. కాల్షియం సిలికేట్ సున్నం వలెనే ఆమ్ల నేల ఉదజని సూచికను పెంచుతుంది. నేలలో బాక్టీరియా కూర్పును నిర్ణయించే అంశాలలో ఇది అతి ముఖ్యమైనది. ఆమ్లత్వం తగ్గితే సాధారణంగా బాక్టీరియా, ఆక్టినోమైసీట్లు శిలీంధ్రాల కన్నా లాభపడతాయి.

రెండవది భాస్వరం. సిలిసిక్ ఆమ్లం, ఫాస్ఫేటు అయాన్లు ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్ల ఉపరితలంపై ఒకే స్థానాల కోసం పోటీపడతాయి. సిలికాన్ గాఢత పెరిగినప్పుడు కొంత భాస్వరం విడుదలై మొక్కకు, సూక్ష్మజీవులకు అందుతుంది.

మూడవది వేరు ద్వారా ఆక్సిజన్. సిలికాన్ బాగా అందిన వరిలో గాలి గదుల కణజాలం వృద్ధిచెంది, వేళ్ల ఆక్సీకరణ శక్తి పెరుగుతుంది. నీరు నిలిచిన మాగాణిలో వేరు చుట్టూ ఏర్పడే ఈ పలుచని ఆక్సిజన్ వలయం మీథేన్‌ను వినియోగించే బాక్టీరియాకు అనుకూలం, మీథేన్‌ను ఉత్పత్తి చేసే ఆర్కియాకు ప్రతికూలం. దక్షిణ కొరియా పరిశోధకులు సిలికేట్ లోహమలం వేసిన వరి పొలాలలో మీథేన్ ఉద్గారం తగ్గినట్లు నమోదు చేశారు. అయితే ఆ లోహమలంలో ఇనుము ఆక్సైడ్లు కూడా ఉంటాయి. ఇనుమును క్షయకరించే బాక్టీరియా అదే ఆహారం కోసం మీథేన్ ఉత్పాదక జీవులతో పోటీపడతాయి కనుక, ఫలితమంతా సిలికాన్‌దేనని చెప్పరాదు.

నాలుగవది వేరు స్రావాలు. మొక్క ఆరోగ్యం, కిరణజన్య సంయోగక్రియ మెరుగుపడితే వేళ్లు విడుదల చేసే చక్కెరలు, సేంద్రియ ఆమ్లాలు, ఫినాల్ పదార్థాల మోతాదు, కూర్పు మారుతాయి. వేరు పరిసర మండలంలో నివసించే జీవులకు ఇవే ఆహారం. పప్పుధాన్యాలలో ఒక స్పష్టమైన ఉదాహరణ ఉన్నది: అలసందలో సిలికాన్ ఇచ్చినప్పుడు వేరుబుడిపెల సంఖ్య, వాటి పనితీరు పెరిగినట్లు దక్షిణాఫ్రికాలో నెల్వమోండో, డకోరా 1999లో నివేదించారు.

ఐదవది వ్యాధి తగ్గటం. తెగులు సోకి కుళ్లిన వేరు చుట్టూ ఉండే సూక్ష్మజీవులు, ఆరోగ్యవంతమైన వేరు చుట్టూ ఉండేవి ఒకటి కావు. టమాటలో రాల్‌స్టోనియా బాక్టీరియా ఎండు తెగులు, దోసలో ఫ్యుజేరియం ఎండు తెగులుపై చైనా శాస్త్రవేత్తలు చేసిన అధ్యయనాలలో సిలికాన్ వలన తెగులు తగ్గటమూ, నేల సూక్ష్మజీవుల కూర్పు మారటమూ రెండూ కనిపించాయి. కానీ సూక్ష్మజీవులు మారినందున తెగులు తగ్గిందా, తెగులు తగ్గినందున సూక్ష్మజీవులు మారాయా అన్నది ఆ రెండు పరిశీలనలను పక్కపక్కన ఉంచినంత మాత్రాన తేలదు.

ఈ సంబంధం ఒకవైపు మాత్రమే నడవదు. సూక్ష్మజీవులు కూడా సిలికాన్ లభ్యతను మారుస్తాయి. పేనిబాసిల్లస్ మ్యుసిలాజినోసస్ వంటి సిలికేట్ కరిగించే బాక్టీరియా సేంద్రియ ఆమ్లాలు, జిగురు వంటి పాలిశాకరైడ్లను విడుదల చేసి ఖనిజాలను నెమ్మదిగా శిథిలపరుస్తాయి. గడ్డిని కుళ్లించే జీవులు సెల్యులోజ్‌ను తొలగించిన కొద్దీ దానిలోని సిలికా నీటికి తగిలి కరుగుతుంది. నేలలో సేంద్రియ పదార్థం తరిగిపోతే సిలికాన్ చక్రం కూడా మందగిస్తుందన్నమాట.

కారణాన్ని వేరుచేయటం: ప్రయోగ రూపకల్పన

స్నాతకోత్తర విద్యార్థులు ఈ అంశంపై పరిశోధన చేపట్టేటప్పుడు కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. ‘కాల్షియం సిలికేట్ వేసిన మడి’ని ‘ఏమీ వేయని మడి’తో మాత్రమే పోలిస్తే, కనిపించిన తేడా సిలికాన్ వలనా, కాల్షియం వలనా, ఉదజని సూచిక మార్పు వలనా అన్నది చెప్పలేము. కనుక సమానమైన ఆమ్ల తటస్థీకరణ శక్తి గల సున్నం వేసిన మడి ఒకటి తప్పక ఉండాలి. పొటాషియం సిలికేట్ వాడితే మిగిలిన మడులకు అంతే పొటాష్‌ను క్లోరైడ్ లేదా సల్ఫేటు రూపంలో ఇచ్చి, ద్రావణపు క్షారతను కూడా సరిచూడాలి. లోహమలం వాడితే ఇనుము, మాంగనీసు పరిమాణాన్ని విశ్లేషించి చూపాలి.

మొక్క ద్వారా కలిగే ప్రభావాన్ని, నేల రసాయనం ద్వారా కలిగే ప్రభావాన్ని వేరుచేయటానికి ఎల్.ఎస్.ఐ.1 లోపించిన వరి ఉత్పరివర్తకం చక్కగా ఉపకరిస్తుంది. సిలికాన్ వేసినప్పుడు సాధారణ వరి వేరు చుట్టూ కనిపించిన సూక్ష్మజీవుల మార్పు, సిలికాన్‌ను గ్రహించలేని ఉత్పరివర్తకం చుట్టూ కూడా కనిపిస్తే అది నేల రసాయన ప్రభావం. కనిపించకపోతే అది మొక్క ద్వారా కలిగిన ప్రభావం. పైరు లేని కుండీలను కూడా చేర్చితే ఈ నిర్ధారణ మరింత బలపడుతుంది. వ్యాధికారకం కలిపిన, కలపని కుండీలు రెండూ ఉంటే వ్యాధి తగ్గుదల వలన కలిగే మార్పును విడదీయవచ్చు. చివరగా, సిలికాన్ పొందిన నేలలోని సూక్ష్మజీవ సముదాయాన్ని శుద్ధిచేసిన నేలలోనికి మార్పిడి చేసి, అక్కడ అదనపు సిలికాన్ లేకుండానే తెగులు తగ్గుతుందేమో చూడాలి. తగ్గితేనే సూక్ష్మజీవులకు కారణ స్థానం దక్కుతుంది.

డి.ఎన్.ఎ. క్రమ విశ్లేషణ ఫలితాలను చదివేటప్పుడు మరొక మెలకువ అవసరం. అవి సాధారణంగా ఒక జాతి మొత్తంలో ఎంత శాతమో చెబుతాయి, ఎన్ని జీవులున్నాయో చెప్పవు. ఒక వర్గం శాతం పెరగటానికి మరొక వర్గం తరగటం కూడా కారణం కావచ్చు. కనుక పరిమాణాత్మక కొలత తోడు లేనిదే ‘మేలుచేసే బాక్టీరియా పెరిగింది’ అని వ్రాయరాదు.

పొలం నుండి తరలిపోతున్న సిలికాన్

ఒక టన్ను ధాన్యం పండించటానికి వరి సగటున 80 కిలోల సిలికాన్‌ను నేల నుండి తీసుకుంటుంది. ఎకరాకు 75 కిలోల బస్తాలు 32, అనగా 2.4 టన్నుల దిగుబడి వచ్చిందనుకుందాం. పైరు తీసుకున్నది సుమారు 192 కిలోలు. అదే పైరుకు మనం వేసే నత్రజని కన్నా ఇది ఎన్నో రెట్లు అధికం. ఇందులో సుమారు 80 శాతం, అనగా 154 కిలోలు గడ్డిలోనే ఉంటుంది. మిగిలినదానిలో అధిక భాగం ఊకలో చేరుతుంది.

దీనిని మరొక విధంగానూ సరిచూడవచ్చు. ధాన్యం బరువులో సుమారు 20 శాతం ఊక. ఊకను కాల్చితే దానిలో సుమారు 20 శాతం బూడిద. బూడిదలో సుమారు 90 శాతం సిలికా. సిలికా బరువులో 47 శాతం సిలికాన్. 2.4 టన్నుల ధాన్యానికి 480 కిలోల ఊక, 96 కిలోల బూడిద, 86 కిలోల సిలికా, 40 కిలోల సిలికాన్ వస్తుంది. పై లెక్కలో గడ్డి వాటా పోను మిగిలిన 38 కిలోలకు ఇది సరిపోతున్నది.

సాగునీరు ఎంత తిరిగి ఇస్తుంది? నదీజలాలలో సిలికా సగటున లీటరుకు 10 మి.గ్రా. ఉంటుంది. పైరు కాలంలో 1200 మి.మీ. నీరు పెట్టినా ఎకరాకు సుమారు 49 కిలోల సిలికా, అనగా 23 కిలోల సిలికాన్ మాత్రమే అందుతుంది. తక్కినది నేల ఖనిజాల శైథిల్యం, పొలంలో మిగిలిన గడ్డి తీర్చాలి. గడ్డిని కట్టలు కట్టి పూర్తిగా తరలించి, ఏటా రెండు పంటలు పండించే తేలిక నేలలలో ఈ ఖాతా ఎటు మొగ్గుతుందో ఊహించవచ్చు.

గడ్డి తగులబెట్టటం విషయంలో ఒక భేదాన్ని గుర్తించాలి. కాల్చినప్పుడు సిలికా బూడిదలో మిగులుతుంది. గడ్డిలోని నత్రజని దాదాపు పూర్తిగా పోతుంది, కొంత గంధకం, భాస్వరం, పొటాష్ నష్టమవుతాయి, పై పొరలోని సూక్ష్మజీవులు దెబ్బతింటాయి, పొగ ఊరిని కమ్ముతుంది. తరలించినప్పుడు సిలికాన్ కూడా పోతుంది. సిలికాన్ కోణంలో తరలింపు, మిగిలిన అన్ని కోణాలలో దహనం ఎక్కువ హాని. కలియదున్నటం ఈ రెండింటికీ సమాధానం. పశువులకు మేపిన గడ్డి పేడ రూపంలో పొలానికి తిరిగివస్తే సిలికాన్ కూడా దానితోనే వస్తుంది.

విస్తరణ సిబ్బందికి సూచనలు

1. ముందుగా లోపాన్ని నిర్ధారించాలి. ఉదజని సూచిక 4 వద్ద నిలిపిన సోడియం అసిటేట్ ద్రావణంతో వెలికితీసినప్పుడు కిలో నేలకు 40 మి.గ్రా. కన్నా తక్కువ సిలికాన్ ఉన్నా, కోత సమయంలో గడ్డిలో 5 శాతం కన్నా తక్కువ ఉన్నా లోపంగా భావించవచ్చు. సిలికేట్ ఎరువులు ఇంతకు ముందు వేసిన పొలాలలో ఈ ద్రావణం లభ్యతను ఎక్కువ చేసి చూపుతుంది. అటువంటి చోట గడ్డి విశ్లేషణే నమ్మదగినది.

2. నత్రజని మోతాదును సరిచూడాలి. అధిక నత్రజని ఆకులలో సిలికాన్ శాతాన్ని తగ్గించి, ఆకులను మెత్తబరచి, అగ్గితెగులును ఆహ్వానిస్తుంది. నత్రజనిని అదుపు చేయకుండా సిలికాన్ వేయటం కన్నమున్న కుండలో నీరు పోయటమే.

3. ఊక బూడిదను ఎన్నుకొని వాడాలి. 700 డిగ్రీల లోపు ఉష్ణోగ్రతలో కాలిన బూడిదలో సిలికా కరిగే రూపంలో ఉంటుంది. అంతకు మించిన వేడిలో ఎక్కువసేపు కాలితే స్ఫటిక రూపం దాల్చి కరిగే గుణం కోల్పోతుంది. ఆ ధూళి పీల్చితే ఊపిరితిత్తులకు ప్రమాదం కూడా. రైస్ మిల్లు బాయిలర్ బూడిదను పరీక్ష చేయించి, తడిపి, గాలి లేని వేళ చల్లించాలి. ఒక టన్ను బూడిదలో సుమారు 420 కిలోల సిలికాన్ ఉంటుంది. అది ఒకే పంట కాలంలో పూర్తిగా కరగదు.

4. వాణిజ్య ఎరువులు వాడదలచినప్పుడు, అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ సిఫారసు ప్రకారం హెక్టారుకు గుళికల కాల్షియం సిలికేట్ 120–200 కిలోలు లేదా పొటాషియం సిలికేట్ 40–60 కిలోలు త్వరిత సవరణకు సరిపోతాయి. లోహమలం వాడితే భారలోహాల విశ్లేషణ లేనిదే పొలంలో వేయరాదు. క్షార, చౌడు నేలలలో కాల్షియం సిలికేట్ ఉదజని సూచికను మరింత పెంచి జింకు లోపాన్ని తీవ్రం చేయగలదు. అక్కడ గడ్డి, గడ్డి కంపోస్టు మేలు.

5. వేయవలసిన సమయం దమ్ములో. వరి సిలికాన్‌ను అత్యధికంగా గ్రహించేది అంకురం ఏర్పడినప్పటి నుండి కంకి వెలువడే వరకు. నెమ్మదిగా కరిగే ఎరువు అప్పటికి అందుబాటులో ఉండాలంటే ఆఖరి దుక్కిలోనే నేలలో చేరాలి. మెడవిరుపు కనిపించిన తరువాత వేసినది ఆ పంటకు ఉపయోగపడదు.

6. పిచికారీ ఉత్పత్తుల విషయంలో రైతుకు వాస్తవం చెప్పాలి. గోధుమ బూడిద తెగులుపై 2007లో ప్రచురితమైన కెనడా పరిశోధనలో, వేరు ద్వారా అందిన సిలికాన్ మొక్కలో చేరి స్థిరమైన రక్షణ ఇచ్చింది. ఆకులపై పిచికారీ చేసినది శిలీంధ్రంపై నేరుగా పనిచేసిందే తప్ప మొక్క నిరోధకతను పెంచలేదు. ఎకరాకు 192 కిలోలు గ్రహించే పైరుకు పిచికారీలో అందే కొద్ది గ్రాములు పోషకంగా లెక్కలోనికి రావు. పైగా పొటాషియం సిలికేట్ ద్రావణం తీవ్రమైన క్షారం. దానిని ట్రైకోడెర్మా, సూడోమోనాస్ వంటి జీవ నియంత్రణకారకాలతో కలిపితే అవి నశిస్తాయి. ఆమ్ల గుణం గల మందులతో కలిపితే సిలికా గడ్డకట్టి నాజిల్ మూసుకుపోతుంది.

7. గడ్డిని కోత అయిన వెంటనే, నేలలో తేమ ఉండగానే కలియదున్నించాలి. దమ్ముకు ముందు గాలి తగిలే స్థితిలో కుళ్లిన గడ్డి నుండి మీథేన్ తక్కువ వస్తుంది; నాట్లు వేసిన తొలి వారాలలో నత్రజని కొరత కూడా ఏర్పడదు.

ముగింపు

2017లో బెంగుళూరులో జరిగిన 7వ అంతర్జాతీయ వ్యవసాయ సిలికాన్ సదస్సు ఈ అంశంపై మన దేశంలో ఆసక్తి ఎంతగా పెరిగిందో చాటింది. ఇంతవరకు లభించిన ఆధారాలను బట్టి మూడు నిర్ధారణలు చేయవచ్చు. సిలికాన్ లోపించిన నేలలో దానిని సరిచేస్తే అగ్గితెగులు, గోధుమరంగు మచ్చ తెగులు తగ్గుతాయి; ఇది అనేక దేశాలలో పునరావృతమైన ఫలితం. ఈ నిరోధకత పాక్షికమైనది. అగ్గితెగులు తీవ్రంగా ఉన్న ఏట, తట్టుకోలేని రకంలో అది ఒక్కటే పైరును కాపాడదు. అయితే కొలంబియాలో మెట్ట వరిపై జరిగిన పరిశోధనలు చూపినట్లు, సిలికాన్ బాగా అందిన పైరులో శిలీంధ్రనాశిని మోతాదును, పిచికారీల సంఖ్యను తగ్గించే అవకాశం ఉన్నది. ఖర్చు, అవశేషాలు రెండూ భారమవుతున్న మన రైతుకు ఆ తగ్గింపే అసలు లాభం. ఇక మూడవది, నేల సూక్ష్మజీవుల కూర్పు సిలికాన్‌తో మారుతుంది. కాని ఆ మార్పే తెగులును తగ్గిస్తున్నదని చెప్పటానికి పైన వివరించిన రీతిలో కారణాలను విడదీసిన ప్రయోగాలు కావాలి.

ఆ ప్రయోగాలు మన నేలలలోనే జరగాలి. డెల్టా ఒండ్రు నేలలు, తెలంగాణ చెల్క నేలలు, తీరప్రాంత ఇసుక నేలలు సిలికాన్‌ను ఒకే తీరుగా అందించవు. మండల స్థాయిలో గడ్డి నమూనాలను విశ్లేషించి లోపం ఉన్న ప్రాంతాలను గుర్తించటంతో ఈ పని ఆరంభం కావచ్చు. దానికి పెద్ద పరికరాలు అవసరం లేదు; కోత కాలంలో ప్రతి పొలం నుండి గుప్పెడు గడ్డి చాలు. లోపం లేని పొలంలో రైతు చేత సిలికాన్ కొనిపించకుండా ఉండటం, లోపం ఉన్న పొలంలో ముందుగా అతని గడ్డిని అతని పొలానికే తిరిగి చేర్పించటం – ప్రస్తుతానికి విస్తరణ సిబ్బంది నమ్మకంగా ఇవ్వగల సలహా ఇదే.